పదకొండు మ్యాచుల విల్ఫ్

"అంకుల్, ఒకటడుగుత, ఏమనుకోవద్దు. మీరు కమ్యూనిస్టా? ఆ బేస్‌మెంట్ మెట్ల కాడ ఎర్రజెండా ఎందుకు పెట్టుకున్నరు?"

అగో, అడిగింది. శకుంతలా, విన్నవా, ఈ స్రవంతి పిల్ల గూడ అడిగింది. మా బేస్‌మెంట్ల దిగిన ప్రతి స్టూడెంటూ ఇదే అడుగుతడు బిడ్డా. ఒక నల్గొండ పిలగాడైతే అడగనే లేదు, వచ్చిన మొదటి రోజే నాకు పిడికిలెత్తి దండం పెట్టిండు. పాపం, వాళ్ల తాత పార్టీల ఉండెనట. కాదు నాయనా అని చెప్తే మొహం చిన్నబోయింది. కమ్యూనిస్టు కాదు, ఏం కాదు. అది లైన్స్‌మన్ జెండా. ఫుట్‌బాల్ ఆడేటప్పుడు గీత పొంటి ఒకాయన ఉరుకుతుంటడు చూడు, బాల్ గీత దాటితే జెండా లేపుతడు, ఆయన పట్టుకునే జెండా. అట్ల నవ్వకు. నేనే ఆ లైన్స్‌మన్ని. పంతొమ్మిదేండ్లు చేసిన.

కూసో, కూసో. ఇంటర్వ్యూ రేపు గదా, ఇప్పుడు కొత్తగ చదివేదేముంది. నువ్వు రెండ్రోజుల సంది సక్కగ తింటలేవని శకుంతల చెప్పింది నాకు. ఎందుకో గూడ చెప్పింది. ఆమెకు చెప్తే నాకు చెప్పినట్టే, ఈ ఇంట్ల ముందుగాల అది తెల్సుకో. నీ రెజ్యూమెల ఆ కన్సల్టెన్సీ ఆయన మూడేండ్ల ఎక్స్‌పీరియెన్స్ రాసిండట, హైదరాబాద్‌ల ఏదో కంపెనీ పేరు పెట్టి. నువ్వేమో ఆ కంపెనీ గేటు గూడ చూడలే. సరే, తల దించకు. తిట్టనీకి కూసోమనలే నిన్ను. నేను చెప్పిన అబద్ధం ముందట నీదెంత? నాది వినుకుంట చాయ్ తాగు.

డెబ్బైలల్ల వచ్చిన నేను ఈ కెనడాకు. ఈ బ్రాంప్టన్‌ల అప్పుడు ఏముండె, ఎటు చూసినా చేన్లే. నేనుండేది స్కార్‌బరోల, ఒక ముసలామె ఇంట్ల పైన గది. కాఫీ పదిహేను సెంట్లు. ఇప్పుడు నువ్వు పనిచేసే కాఫీ షాపుల ఎంత? వద్దు తీయ్, చెప్పకు, మనసు పాడైతది. ఏం చెప్తున్న... ఆఁ. బస్సుల తెలుగు మాట చెవులవడుడే లేకుండె. నువ్వు మొన్న అంటివి గదా, పొద్దుగాల బస్సెక్కితే కరీంనగర్ బస్టాండ్‌ల నిలవడ్డట్టే ఉంటది అంకుల్ అని. అట్ల లేకుండె అప్పుడు. ఒక్కన్నే మాట్లాడుకునేటోన్ని, అద్దం ముందట.

నాకు పెండ్లై నాలుగు నెలలు నిండకముందే వచ్చిన ఈడికి. శకుంతల సికింద్రాబాద్‌ల, వాళ్ల అమ్మగారింట్ల. ఆమెను పిలిపించుకోవాలంటే, ఈయనకు మా దగ్గర పర్మనెంట్ జాబ్ ఉన్నదని కంపెనీ ఒక లెటర్ ఇయ్యాలె. అది లేకుంటే నేను స్పాన్సర్ చేసుడు కుదరదు. పని కోసం ఐదు నెలలు తిరిగిన. డిప్లొమా మెకానికల్ మనది, లేత్ మిషన్ మీద చెయ్యి మంచిగ తిరిగేది. కాని ఎక్కడికి పోయినా కెనడా ఎక్స్‌పీరియెన్స్ ఉన్నదా అని అడుగుడే. ఇప్పటికీ మిమ్మల్ని అదే అడుగుతున్నరట గదా. యాభై ఏండ్లయింది, వాళ్లకు వేరే ప్రశ్న దొరకలే.

ఆఖరికి ఒక ఫ్యాక్టరీల పిలిచిన్రు, నీళ్ల పంపులకు పార్టులు చేసే ఫ్యాక్టరీ. చలికాలం, జనవరి. ఆడ ఫోర్‌మన్ ఇంగ్లండాయన, పేరు విల్ఫ్. పొట్టిగ ఉంటడు, మెడ లావు, చెవి మీద పెన్సిలు. ఎడమ కాలు జర బిర్రుగ పెట్టి నడుస్తడు. యాభై దాటినై అప్పటికే. నా కాయితాలు చూసుకుంట చూసుకుంట ఒక్కకాడ ఆగిండు. "సికింద్రాబాదా?" అన్నడు. అవును సార్ అన్న. కండ్లద్దాలు తీసి పక్కన పెట్టిండు. ఆయన రెండో ప్రపంచ లడాయిల సోల్జర్‌గ చేసిండట, నాలుగు నెలలు మన బొల్లారం దిక్కు క్యాంపుల ఉండెనట. ఆడ మైదాన్‌ల మన పిలగాండ్లతోని ఫుట్‌బాల్ ఆడిన్రట. "మాకు బూట్లు, వాళ్లవి ఉత్త కాళ్లు. ఐదు గోల్సు కొట్టిన్రు మాకు. మేం ఒక్కటి కొట్టలే" అని చెప్పుకుంట నవ్వుతున్నడు. ఓడిపోయిన సంగతి అంత సంబురంగ చెప్పుకునే మనిషిని నేను ఇంకెక్కడ చూడలే. చెప్పి, బల్ల మీదికి వంగి అడిగిండు, "నువ్వు గూడ ఆడుతవు గదా?"

ఇగో, ఈడనే నువ్వు నన్ను అర్థం చేసుకోవాలె. నేను ఆటగాన్ని కాదు. జిందగీల బాల్ తన్నలే. మా ఇంట్ల ఆడేటోడు మా యాదగిరన్న. నేను గీత అవతల పుస్తకం పట్టుకోని కూసునేటోన్ని. కాని అంత పెద్దమనిషి, అంత ఆశతోని అడుగుతుంటే లేదు అని ఎట్ల అంటం? మనోళ్లకు రాదు గదా ఆ మాట. పక్కింటోళ్లు బువ్వ తింటవా అంటే లేదు అననీకొస్తది, పెద్దమనిషి ఆశపడి అడిగితే రాదు. అవును సార్ అన్న. అక్కడికి ఆగితే అయిపోవు. ఏ పొజిషన్ అన్నడు. నాకు పొజిషన్లంటే ఏం తెల్సు? మా అన్న ఆటలకు నేను ఎప్పుడూ ఎడమ దిక్కు కూసునేటోన్ని, నీడ అటుండేది. లెఫ్ట్ సైడ్ సార్ అన్న. విల్ఫ్ లేచి నిలవడి నా చెయ్యి పట్టుకోని ఊపిండు. ఎందుకంటే ఆయన ఆడింది గూడ ఎడమ దిక్కేనట.

అట్ల దొరికింది నాకు నౌకరి. నా లేత్ పని చూసిండో చూడలేదో నాకు ఇప్పటికీ అనుమానమే. మూడు నెలల ప్రొబేషన్, అది అయినంక పర్మనెంట్ లెటర్, దాని మీద సంతకం విల్ఫ్ పెట్టాలె. ఈ సంగతి మనసుల పెట్టుకో.

రెండో రోజు లంచ్ టైముల టోనీ అని ఇటలీ ఆయన నా పక్కన కూసున్నడు. మా ఫ్యాక్టరీ టీముకు గోల్‌కీపర్. మెల్లగ చెవుల చెప్పిండు, విల్ఫ్ ఎవరనుకుంటున్నవు, ఇంగ్లండ్‌ల పెద్ద టీముకు ఆడిండు, ఫస్ట్ డివిజన్, రెండొందల మ్యాచులు, కాలు దెబ్బ తినకుంటే దేశానికి ఆడుతుండె అని. అసొంటి మనిషి నన్ను ఏరుకున్నడట, హైదరాబాద్ దిక్కు ప్లేయర్ దొరికిండని మొత్తం షాపుకు చెప్పుకున్నడట. ఎండకాలం వచ్చినంక ఫ్యాక్టరీల టీములన్నిటికీ పోటీలుంటయి, ఈసారి కప్పు మనదే అని టోనీ నా వీపు మీద చరిచిండు. నా నోట్ల బ్రెడ్డు ముక్క ఆడ్నే ఆగింది.

నన్ను కాపాడింది మంచు. నవ్వుతవేంది, నిజం. బయట మోకాళ్ల లోతు మంచు, ఎవడు ఆడతడు? వచ్చినోళ్లందరు ఈ మంచు ఎప్పుడు పోతదా అని చూస్తరు. ఎప్పటికీ కరగొద్దు దేవుడా అని మొక్కినోన్ని టొరంటో మొత్తంల నేనొక్కన్నే అయ్యుంట. పొద్దుగాల లేచి కిటికీల చూస్తుంటి, ఇంత కురిస్తే చాలు, ఆ రోజుకు హాయి.

మా అన్నకు ఉత్తరం రాసిన, ఫుట్‌బాల్ ఎట్ల ఆడుతరో రాసి పంపు అని. నెల దినాలకు వచ్చింది జవాబు. ఆ నీలం కాయితం మీద పాదం బొమ్మ గీసి, బాణాలు పెట్టి, ఈడ తన్నాలె, ఈడ ఆపాలె అని రాసిండు. కింద ఒక ముక్క, "ముప్పై ఏండ్లకు నీకు గిదేం బుద్ధిరా." ముప్పై కాదు, ఇరవై ఎనిమిది నాకు. సాక్స్‌లన్నీ ఒక ఉండ చుట్టి గదిల తన్నుడు మొదలుపెట్టిన. కింద ముసలామె చీపురు కట్టెతోని పైకప్పు పొడిచేది, ఆపు అని. శకుంతలేమో రాస్తుండె, మీ పని ఎట్లున్నది, లెటర్ ఎప్పుడిస్తరు, మా అమ్మ అడుగుతుంది అని. నేను రాసేటోన్ని, పని మంచిగున్నది, మంచు మంచిగున్నది అని. అయినా, ఈమె దాచిపెట్టింది ఆ ఉత్తరాలన్నీ. అడుగు కావాలంటే.

ఏప్రిల్ మొదట్ల మంచు కరిగింది. లెటర్‌కు ఇంక రెండు వారాలున్నది. విల్ఫ్ నోటీసు బోర్డు మీద కాయితం అంటించిండు, శనివారం పొద్దుగాల పార్కుల ప్రాక్టీస్. ఆ లిస్టుల లెఫ్ట్ సైడ్ దగ్గర నా పేరు. ఆ రోజు పార్కుకు పోయేదాంక గూడ నేనేం చెయ్యాల్నో నాకు తెల్వదు. అందరు బూట్లు కట్టుకుంటున్నరు. విల్ఫ్ బాల్‌ను నా దిక్కు మెల్లగ దొర్లించిండు. అది నా దాంక రాకముందే నేను కూలవడి, మోకాలు పట్టుకోని, అమ్మా అన్న.

అంతకంటె తెలివి తక్కువ పని ఇంకోటి ఉంటదా? ఏ నడుమో, ఏ కడుపో పట్టుకుంటే అయిపోవు. మోకాలు పట్టుకున్న, విల్ఫ్ ముందట. ఆయన మొహం తెల్లగైంది. కుంటుకుంట ఉరికొచ్చి నా పక్కన బురదల కూసున్నడు. కదలకు, మలపకు, బరువు వెయ్యకు అని ఒకటే చెప్పుడు. ప్రాక్టీస్ బంద్. టోనీ, ఆయన ఇద్దరు నన్ను చేతుల మీద మోసి కారెక్కించిన్రు. వాళ్లింటికి తీస్కపోయి, సోఫాల పండవెట్టి, కాలు కింద దిండు పెట్టి, ఆయన భార్య వేడినీళ్ల సంచి తెచ్చిస్తే ఆయన చేతులతోనే పెట్టిండు. మా నాయన గూడ అట్ల చెయ్యలే నాకు. నేను కండ్లు మూసుకున్న. నొప్పికి మూసుకున్న అనుకున్నడు. సిగ్గుకు మూసుకున్న.

టోనీ పోయినంక, విల్ఫ్ కుర్చీ జరుపుకోని నా ముందట కూసోని ప్యాంటు మోకాలు దాంక మడిచిండు. ఎడమ మోకాలు చుట్టూ పాత కుట్లు, ఈ కొస నుంచి ఆ కొస దాంక. "ఇది చూడు" అన్నడు, "ఇట్ల కావద్దు నీకు. నాకు ఎవ్వడు ఆగు అని చెప్పలే. నువ్వు ఈ యేడు ఆడొద్దు. నీ నౌకరికి భయపడకు." అని లేచి, పక్క గదిలకెల్లి ఒక కవర్ తెచ్చిండు. నా లెటర్. రెండు వారాలు ముందుగాలనే టైప్ చేపిచ్చి పెట్టిండు. "దెబ్బ తాకిందని నిన్ను తీసేస్తరేమోనని నీకు రంధి ఉంటది. ఇప్పుడే సంతకం పెడ్త. నీ భార్యను పిలిపిచ్చుకో."

పెన్ను మూత తీసిండు. కాయితం మోకాలు మీద పెట్టుకున్నడు, ఆ కుట్లున్న మోకాలు మీదనే. బిడ్డా, నాకు ఆ కాయితం తప్ప ఇంకేం వద్దు అప్పుడు. ఐదు నెలలు తిరిగిన, మూడు నెలలు మంచుకు మొక్కిన, అంత దాని కోసమే. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే శకుంతల వస్తది. కాని ఆయన ఆ మోకాలు వంచలేక, కాయితం జారుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నడు, అది చూసిన. ఆగుండి సార్ అన్న.  నా మోకాలుకు ఏం కాలే. నాకు ఆట రాదు. ఎప్పుడూ ఆడలే. మీరు అడిగితే లేదనలేకపోయిన. మొత్తం చెప్పిన, నీడల కూసున్న సంగతి, మా అన్న పాదం బొమ్మ, సాక్స్‌ల ఉండ, అన్నీ. చెప్పుకుంట ఏడ్చిన. ఆ వేడినీళ్ల సంచి తీసి పక్కన పెట్టిన.

విల్ఫ్ పెన్నుకు మూత పెట్టిండు. ఆ టక్ మన్న చప్పుడు నాకు ఇప్పటికీ యాదుంది. అయిపోయింది, లేచి పోదాం అనుకున్న. ఆయన కిటికీ దిక్కు చూసుకుంట అన్నడు, "నేనెన్ని మ్యాచులు ఆడిన్నని చెప్పిన్రు నీకు?" రెండొందలు అన్న. తల అడ్డం ఊపిండు. "పదకొండు. ఫస్ట్ డివిజన్ కాదు, థర్డ్. నువ్వు పేరు గూడ వినని ఊరు."

పద్దెనిమిదేండ్లకు ఒక చిన్న క్లబ్బోళ్లు ఆయన్ను చూసి రమ్మన్నరట. అంతల లడాయి. ఆరేండ్లు తుపాకి మోసిండు. ఆటగానికి కాళ్లు మంచిగ పనిచేసే ఏండ్లన్నీ దాంట్లనే పోయినై. తిరిగొచ్చేసరికి ఇరవై నాలుగు. అయినా పిలిచిన్రు, బట్టల మిల్లులున్న ఊరు, మసి, బురద. జీతం మిల్లుల పనిచేసేటోనికి ఎంతనో అంతే. పదకొండు మ్యాచులు ఆడినంక మోకాలు పోయింది. ఆపరేషన్ చేసి, ఇగ ఆడొద్దు అన్నరు. కెనడా వచ్చి ఈ ఫ్యాక్టరీల చేరిన రోజు ఎవరో అడిగిన్రట, ఇంగ్లండ్‌ల ఆడినవటగా, ఫలానా పెద్ద టీమేనా అని. ఆయన నవ్వి ఊకున్నడు. అంతే, ఊకున్నడు. మిగతాది వాళ్లే పెంచుకున్నరు, యేడాదికి కొన్ని మ్యాచుల చొప్పున. పదిహేనేండ్లల్ల రెండొందలైనై.

"గమ్మతి ఏందంటే" అన్నడు, "ఆ రెండొందలతోని నా పదకొండు పోయినై. పెద్ద టీముకు ఆడినోడు ఆ మిల్లు ఊరి సంగతి ఎట్ల చెప్తడు? అందుకే ఒక్క మ్యాచ్ గూడ ఎవ్వరికీ చెప్పలే. మా అమ్మ వానల గొడుగు పట్టుకోని వచ్చి చూసింది గూడ చెప్పలే." లెటర్ మడిచి జేబుల పెట్టుకున్నడు. "సోమవారం మాట్లాడదాం" అని నన్ను కారుల తెచ్చి ఇంటి కాడ దింపిండు. 

నువ్వు నమ్ముతవో నమ్మవో, ఆ రెండ్రోజులు నేను హాయిగ పండుకున్న. లెటర్ లేదు, నౌకరి ఉంటదో లేదో తెల్వదు. అయినా ఛాతీ మీదకెల్లి మిషన్ దించినట్టైంది. సాక్స్‌లు విప్పి ఉతుక్కున్న. మంచు కురిసిందా లేదా అని కిటికీల చూడలే.

సోమవారం పొద్దుగాల పోతే నా లేత్ మిషన్ మీద ఒక కట్టె, దానికి ఎర్ర గుడ్డ. దాని కింద కవర్. విప్పిన. సంతకం ఉన్నది. హమ్మయ్య అని నేల మీదనే కూలవడ్డ బిడ్డా, ఈసారి నాటకం కాదు. విల్ఫ్ వచ్చి నిలవడ్డడు. "నీ లేత్ పని మంచిగున్నది, అందుకు పెట్టిన సంతకం. అది ముందే పెట్టాల్సింది" అన్నడు. ఆ ఎర్ర గుడ్డ ఏంది సార్ అన్న. మా పోటీలల్ల టీముకొక లైన్స్‌మన్‌ను వాళ్లే తెచ్చుకోవాలె. ప్రతి టీమోడు తనోళ్ల దిక్కే జెండా లేపేటోడు, దాని మీద రోజూ లొల్లే. "నువ్వు చిన్నప్పటి సంది గీత కాడ కూసోని చూసినోనివి. బాల్ బయటికి పోతే లేపు. మనోడు తన్నినా లేపు" అన్నడు. అంతే బిడ్డా, పంతొమ్మిదేండ్లు లేపిన. టోనీ ఎన్నిసార్లు తిట్టిండో, ఇటలీ తిట్లన్నీ వచ్చినై నాకు.

ఆ సోమవారమే, లంచ్ టైముల, అందరు డబ్బాలు విప్పుకుంటుంటే విల్ఫ్ లేచి నిలవడ్డడు. చేతులు తుడుచుకోని చెప్పిండు, "నేను రెండొందలు ఆడలే. పదకొండు ఆడిన. థర్డ్ డివిజన్."  ఆయన మెడ ఎర్రగైంది. పదిహేనేండ్ల మర్యాద, ఆ ఒక్క మాటతోని పోతదేమోనని నాకే భయమైంది. టోనీ రొట్టె నములుకుంట చూసిండు, చూసిండు, అన్నడు, "నేను సున్నా ఆడిన. ఆ పదకొండు చెప్పు."

ఆయన ఆఖరిదాంతోని మొదలుపెట్టిండు. పదకొండో మ్యాచ్‌ల ఇరవై నిమిషాలకే మోకాలు పోయింది. అప్పుడు రూలేందో ఎరుకేనా, ఒకడు పడిపోతే వాని జాగల ఇంకొకన్ని దించుడు లేదు. పది మందితోనే ఆడాలె. అందుకని దెబ్బ తాకినోన్ని గూడ గీత పక్కన నిలవెట్టేటోళ్లు, ఉట్టిగనే, ఎదుటోళ్లకు అడ్డం ఉంటడని. డెబ్బై నిమిషాలు అట్ల కుడి కాలు మీద నిలవడ్డడు. కుంటోన్ని ఎవడు కాపలా కాస్తడు, ఎవ్వడు దగ్గరికి రాలే. ఆఖర్ల బాల్ దొర్లుకుంట ఆయన కాడికే వచ్చింది, గోల్ ఎదురుంగనే ఉన్నది. కుడి కాలు మీద నిలవడ్డడు గనుక తన్నాలంటే ఎడమ కాలే, ఆ పోయిన కాలే, ఇంకోటి లేదు. తన్నిండు. తన్ని కింద పడ్డడు. కండ్లు తిరిగినై, బాల్ ఎటు పోయిందో చూడలే. జనం లేచి మొత్తుకుంటుంటే అప్పుడు తెల్సిందట గోల్ అయిందని. ఆయన జిందగీల కొట్టింది ఆ ఒక్కటే, అది గూడ ఆయన చూడలే.

మా అందర్ల ఒక్కడు గూడ తింటలేడు. టోనీ కండ్లు తుడుచుకున్నడు, మిషన్ నూనె చేతులతోని, మొహమంత నల్లగ. నేనేడ్చిన, అది చెప్పేదేముంది, నేను దేనికైనా ఏడుస్త. విల్ఫ్ మొహం మాత్రం, ఎట్ల చెప్పాలె, పదేండ్లు చిన్నగైంది. ఇగ ఆ తర్వాత రోజుకొకటి. పదకొండు అయిపోతే మల్ల ఒకటోది. పన్నెండోది గూడ ఒకటుండెనట, మోకాలు పోకముందుదే, పొగమంచుకు ఏం కనవడక సగంల ఆపేసిన్రట. టోనీ అది గూడ లెక్కవెట్టు అంటడు, విల్ఫ్ వద్దంటడు, పూర్తి కాంది నాది కాదంటడు. దాని మీద ఏండ్లు కొట్లాడిన్రు ఇద్దరు.

జులైల శకుంతల వచ్చింది. ఎయిర్‌పోర్టుకు విల్ఫ్ కారులనే పోయినం. ఈమె దిగంగనే ఆయనకు వంగి కాళ్లకు దండం పెట్టబోతే ఆయన బెదిరిపోయిండు, ఏదో కింద పడేసుకుంది అనుకోని ఆయన గూడ వంగిండు. ఆ మొదటి జెండా గుడ్డ రెండేండ్లకు చినిగింది. ఈమెనే తన ఎర్ర జాకెట్ గుడ్డ తీసి కుట్టింది కొత్తది. గదే నువ్వు రోజు చూసేది. విల్ఫ్ పోయి మస్తు ఏండ్లాయె. ఆయన బిడ్డ అంత్యక్రియలకు అచ్చేపిచ్చిన కార్డు మీద పేరు కింద రాసింది, పదకొండు మ్యాచులు, ఒక గోల్ అని. అది చూసి ఆ దుఃఖంల గూడ నవ్వొచ్చింది నాకు, మంచిగనిపిచ్చింది.

ఇగ నీ సంగతి. శకుంతల ఇంకోటి గూడ చెప్పింది. జగిత్యాల్‌ల మీ మేనమామ మెడికల్ షాపుకు, గోళీల డేటు అయిపోకముందే చెప్పేటట్టు నువ్వేదో ప్రోగ్రాం రాసినవట, ఒక్కదానివే. ఇప్పటికీ నడుస్తుందట ఆడ. మరి అది రేపు చెప్తవా? చెప్పనీకి రాదు గదా. ఆ టైముల నువ్వు హైదరాబాద్ కంపెనీల ఉన్నవని రాసుంది కాయితంల.

"రెజ్యూమె ఆల్రెడీ పంపిన అంకుల్."

ఎరుకే. నా లెటర్ మీద గూడ పెన్ను పెట్టినంకనే నాకు నోరొచ్చింది. ఇయ్యాలనే ఇంకో మెయిల్ పంపు, ఆ మూడేండ్లు తప్పు, నేను చేసింది ఇది అని. అది చూసినంక గూడ రేపు రమ్మంటరా అంటే నాకు తెల్వదు. నీకెందుకు అబద్ధం చెప్పాలె, రావద్దనొచ్చు గూడ. ఈడ ఇంకెన్నో కంపెనీలున్నయి, నీ వయసుకు కాళ్లు గట్టిగున్నయి. కాని అన్నం తింటవు, నిద్ర పడ్తది, అది మాత్రం నేను చెప్పగల్గుత. సల్లగుండు బిడ్డా. మా ఇంట్లకెల్లి పోయిన పిల్లలందరు మంచిగనే ఉన్నరు, నువ్వు గూడ ఉంటవు.

చాయ్ చల్లారింది, మూత పెట్టు, శకుంతల వేడి చేస్తది. ఇప్పుడు నేను వింట, నువ్వు చెప్పు. ఆ మెడికల్ షాపు సంగతి మొదటికెల్లి చెప్పు.

"అదేం పెద్ద కథ కాదంకుల్. ఒకసారి మా మామ షాపుల ఒక ముసలామెకు దగ్గు మందు ఇచ్చిన్రు, చూస్తే డేటు అయిపోయింది..."

ఆఁ. అయ్యో. ఇచ్చినంక చూసిన్రా? ఆమె ఇంటికి ఎవరు ఉరికిన్రు, నువ్వేనా? ఆఁ... చెప్పు, తర్వాత...